అమావాస్య నాడు ఆపిన కవరు

ఆ ఎన్నికల ఫలితం నాకు మొట్టమొదట చెప్పినవాడు మా మేడమ్ కారు నడిపే డ్రైవర్ భాయ్. నిజామాబాదు వైపు మనిషి, యాభై దాటినవాడు. బహ్రెయిన్‌లో సనాబిస్ అనే పేటలో ఒక గదిలో మరో ఆరుగురితో ఉండేవాడు. నన్ను అక్కా అనేవాడు, నాకంటే పదేళ్ళు పెద్దయినా.

అది శుక్రవారం పొద్దున. అక్కడ వారపు సెలవూ, చర్చి ప్రార్థనలూ ఆ రోజే. మేడమ్‌ని మనామాలో చర్చి దగ్గర దింపి, ఆవిడ మరిచిపోయిన కళ్ళజోడు కోసం మళ్ళీ అవాలీ దాకా వచ్చాడు. నేను వంటింట్లో బియ్యం ఏరుకుంటున్నాను. వెనక తలుపు తోసుకుని, చెప్పులు విడవకుండానే గడప మీద నిలబడ్డాడు.

"అక్కా, కళ్ళద్దాలు ఇయ్యి జల్ది. మేడం ఆడ చర్చిల ఏడ్సుకుంట కూసున్నది."

"ఏమైంది భాయ్?"

"గా మాస్టారు ఓడిండంట. బండిల ఉండంగనే ఫోనొచ్చింది వాళ్ళ ఊరి నుంచి."

నా చేతిలో చేట అలాగే ఉండిపోయింది. ఆయన మాత్రం ఆ వింత చెప్పకుండా ఉండలేకపోయాడు.

"ఓడుడంటే మామూలుగ ఓడలే అక్కా. ఇద్దర్కీ సమానం వచ్చినయంట ఓట్లు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. మూడు సార్లు లెక్కవెట్టిన్రంట. ఆఖర్కి ఇద్దరి పేర్లు చిట్టీల మీద రాసి, డబ్బల ఏసి తీసిన్రంట! మా ఊర్ల సర్పంచ్ ఎలచ్చన్ల గూడ గిట్ల సూడలే నేను. గింత సదువుకున్నోల్లు, ఆఖర్కి చిట్టీ..."

నవ్వుతూ నవ్వుతూ నా మొహం చూసి ఆగిపోయాడు. ఆయనకీ అప్పుడే తట్టింది.

"అక్కా, గా కవర్..."

"కళ్ళజోడు ఇదిగో, తీసుకెళ్ళండి భాయ్," అన్నాను.

ఆయన వెళ్ళాక చాలాసేపు ఆ బియ్యంలో ఒక్క రాయి కూడా నాకు కనపడలేదు. ఒక్క ఓటు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఆ ఒక్కటీ నా గదిలో, నా దేవుడి పటం వెనక, మూడు రాత్రులు ఉంది.

మొదటినుంచీ చెప్తాను.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న ఇంట్లోనే పంచాంగం ముందు పెట్టుకుని నాకు అక్షరాలు నేర్పారు. అ, ఆ ల తర్వాత నేను కూడబలుక్కుని చదివిన మాటలు తిథి, వారం, వర్జ్యం. చీకట్లో వదిలెయ్యకుండా నాకు చదువు చెప్పినందుకు ఆయనకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. బహ్రెయిన్ వచ్చేటప్పుడు నా పెట్టెలో రెండు చీరల మధ్య పంచాంగం పెట్టుకుని వచ్చాను. ఏటా ఉగాదికి కొత్తది ఎవరో ఒకరు తెచ్చిపెట్టేవారు. అందులో వేళలన్నీ మన దేశానివి కదా, రెండున్నర గంటలు తీసేసి చూసుకునేదాన్ని. రాహుకాలమైతే ఇక్కడి సూర్యోదయాన్ని బట్టి లెక్క కట్టాలి. అదీ నాన్న నేర్పిందే.

పని చేసింది అవాలీలో, ఒక ఇంగ్లీషువాళ్ళ ఇంట్లో. అయ్యగారు ఇరవై ఏళ్ళుగా చమురు పని మీద బహ్రెయిన్‌లోనే ఉన్నారు. నెలలో సగం రోజులు సౌదీలో ఉండేవారు. మేడమ్ మాత్రం ఎండలు ముదిరాక నాలుగైదు నెలలు ఇంగ్లండులో తన ఊరు వెళ్ళి ఉండి వచ్చేవారు. ఆ ఊళ్ళో ఆవిడకి సొంత ఇల్లు ఉంది, ఓటూ ఉంది. అక్క కూడా ఉంది.

ఈ కథంతా ఆ అక్కగారిదే. ఆవిడకి అప్పటికి యాభై నిండాయి, మనసు మాత్రం ఆరేళ్ళ పిల్లది. తల్లిదండ్రులు పోయాక, ఊరి కౌన్సిల్ వాళ్ళు నడిపే ఒక ఇంట్లో తనలాంటి మరో ఏడుగురితో ఉండేది. ఇరవై ఏళ్ళుగా అదే గది, అదే కిటికీ. నీలం రంగు కప్పు ఒకటి, అంచు కాస్త విరిగింది, దాంట్లో పోస్తేనే టీ తాగేది. ఒకసారి కిటికీ తెర మారిస్తే వారం రోజులు నిద్రపోలేదని మేడమ్ చెప్పారు. "మా అక్కకి ఆ ఇల్లే లోకం. అక్కడినుంచి కదిపితే మిగలదు," అనేవారు. ఆవిడ మెల్లగా, నాకు అర్థమయ్యే ఇంగ్లీషులో మాట్లాడేవారు. అదీ ఆవిడ దయే.

ప్రతి ఆదివారం సాయంత్రం మేడమ్ వంటింటి ఫోను నుంచి అక్కకి ఫోన్ చేసేవారు. ఆఖర్న నాకు ఇవ్వమని అక్కగారే అడిగేది. అన్నం వండే ఆవిడ అని నా పేరు అక్కడ.

"అక్కడ ఎండగా ఉందా?" అని అడిగేది.

"సన్నీ మేడమ్, వెరీ సన్నీ," అనేదాన్ని.

పకపకా నవ్వేది. నాలుగేళ్ళు ఇదే మాట, ఇదే నవ్వు. ముఖం చూడని మనిషి నవ్వు కోసం వారమంతా ఎదురు చూస్తానని ఎవరైనా ముందు చెప్తే నమ్మేదాన్ని కాదు.

ఆ ఏడు, రెండువేలు దాటాక ఐదారేళ్ళకి అనుకుంటాను, ఆ ఊరి కౌన్సిల్‌కి ఎన్నికలు వచ్చాయి. కౌన్సిల్‌లో రెండు పక్షాలూ సరిసమానంగా ఉన్నాయట. ఒక పక్షం వాళ్ళు ఆ ఇల్లు మూసేసి స్థలం అమ్మేస్తామంటున్నారు. మేడమ్ వాళ్ళ వీధి తరఫున నిలబడినాయన మూయనివ్వను అంటున్నాడు. మేడమ్‌కి చిన్నప్పుడు పాఠాలు చెప్పిన ముసలి మాస్టారాయన. ఆయన గెలిస్తే ఇల్లు ఉంటుంది, లేకపోతే ఉండదు. మేడమ్ దాన్ని నాకు రెండు చెంచాలూ ఒక ఫోర్కూ పెట్టి వంటింటి బల్ల మీద వివరించారు. ఆ ఫోర్కు మాస్టారు.

ఓటు కవరు పోస్టులో బుధవారం మధ్యాహ్నం వచ్చింది. ఎన్నిక ఆ పై గురువారం. మేడమ్ ఆ సాయంత్రమే కూర్చుని ఓటు వేశారు. నాకు కనపడకుండా చేయి అడ్డం పెట్టుకుని మరీ వేశారు, ఎవరికి వేస్తున్నారో నాకు తెలియనట్టు. దాంతోపాటు ఇంకో కాగితం ఉంది, దాని మీద ఒక సాక్షి సంతకం కావాలి. అయ్యగారు సౌదీలో ఉన్నారు.

"నువ్వు పెడతావా?" అన్నారు మేడమ్.

"నాకు ఇంగ్లీషులో రాయడం రాదు మేడమ్."

"నీ అక్షరాల్లోనే పెట్టు. సంతకం సంతకమే."

అంతకుముందు గల్ఫ్‌లో నా కాగితాలన్నిటి మీదా నా చేత వేలిముద్రే వేయించారు. సంతకం వచ్చా అని ఎవరూ అడగలేదు. ఆ రోజు ఇంగ్లీషువాళ్ళ ఓటు కాగితం మీద గుండ్రంగా తెలుగులో నా పేరు రాశాను. మా నాన్న ఉండి చూస్తే బాగుండు అనిపించింది. మేడమ్ ఆ కాగితాన్ని దీపం కింద పట్టుకుని, "ఎంత అందంగా ఉంది," అన్నారు. ఆ ఒక్క మాటకి ఆవిడకి జన్మంతా రుణపడి ఉన్నాను. నా తప్పు కూడా అక్కడే మొదలైంది. నా చేయి పడ్డ కాగితం, అది మంచి వేళలోనే ఇల్లు దాటాలనుకున్నాను.

ఆ ఇంటి పద్ధతి ఏమిటంటే, బయటికి వెళ్ళాల్సినవన్నీ వెనక తలుపు దగ్గర ఒక వెదురు పళ్ళెంలో పెడతారు. పొద్దున డ్రైవర్ భాయ్ రాగానే నేను అందించాలి. మేడమ్ కవరు పళ్ళెంలో పెట్టి, "రేపు పొద్దున్నే కొరియర్‌కి వెళ్ళాలి. రేపు సగం రోజే పని, శుక్రవారం సెలవు. గుర్తుంది కదా," అన్నారు.

"గుర్తుంది మేడమ్."

రాత్రి పడుకునే ముందు పంచాంగం తీశాను. గురువారం అమావాస్య.

మా ఇంట్లో అమావాస్య నాడు కొత్త పని ఏదీ మొదలెట్టేవారు కాదు. ఊరు దాటేవారు కాదు. అంత పెద్ద పని మీద, ఒక మనిషి నీడ నిలబెట్టే పని మీద, వెళ్ళే కవరుని చంద్రుడు లేని రోజు ఎలా పంపను? మంచి రోజు పంపితే మాస్టారు గెలుస్తాడు, పంపకపోతే ఓడతాడు. నాకు అంత స్పష్టంగా తోచింది. తొందరలో చేసింది కాదు. దణ్ణం పెట్టుకుని, ఆలోచించి, ఆ పిచ్చితల్లి మీద ప్రేమతో చేశాను. కవరు తీసి నా గదిలో పటం వెనక పెట్టాను. పొద్దున్నే కంచె మీద గన్నేరు పూలు కోసి దాని ముందు పెట్టాను.

గురువారం ఆరున్నరకి భాయ్ వచ్చాడు.

"కొరియర్ కవర్ ఉందంట. మేడం సెప్పింది నిన్న."

"శనివారం ఇస్తాను భాయ్. ఇవాళ అమావాస్య."

"అరె, ఇంగ్లీషోల్ల ఓటుకు అమాసేంది అక్కా? ఆల్ల సెంద్రుడు వేరే, మన సెంద్రుడు వేరే."

"చంద్రుడు ఒక్కడే. నవ్వకండి."

"సరె తియ్. శనారం పొద్దుగాల్నే ఇయ్యి మల్ల."

"శనివారం ఎనిమిదింబావు నుంచి దాదాపు పదింటిదాకా రాహుకాలం. పదింటికి ఇస్తాను."

"యా అల్లా! నువ్వు మా అమ్మను మించినవ్. ఆమెకు బహ్రెయిన్ ఏందో తెల్వదు, ఈడంతా దుబాయే అంటది. నీకేమో ఈడి రాహువు ఏ టైంకొస్తడో గూడ ఎరుకే." నవ్వుకుంటూ బండి తీశాడు.

ఆ సాయంత్రం మేడమ్ అడిగారు. "కవరు వెళ్ళిందా?"

"ఎస్ మేడమ్," అన్నాను.

నా జీవితంలో నేను ఆడిన అబద్ధాలు తక్కువ. ఆ రెండు మాటలూ ఇప్పటికీ నా నోట్లో అలాగే ఉన్నాయి.

శుక్రవారం దుమ్ము గాలి లేచింది. అవాలీ అంతా ఎర్రగా అయిపోయింది. రిఫైనరీ వైపు మంట ఆ దుమ్ములోంచి ఎర్రటి మచ్చలా కనపడేది. గాలి అటునుంచి తిరిగినప్పుడల్లా కుళ్ళిన గుడ్ల వాసన. కిటికీల సందుల్లో తడిబట్టలు కుక్కుతూ పగలంతా గడిపాను. శనివారం పదింటికి కవరు భాయ్ చేతిలో పెట్టాను. కళ్ళకద్దుకుని మరీ పెట్టాను. ఇక అంతా దేవుడు చూసుకుంటాడని మనసు తేలికపడింది.

మర్నాడు ఆదివారం. ఫోనులో అక్కగారు ఎండగా ఉందా అని అడగలేదు.

"ఒకతను నా మంచం కొలిచాడు," అంది.

నాకు అర్థం కాలేదు. "సన్నీ మేడమ్," అన్నాను.

"టేపుతో కొలిచాడు. మంచం. కిటికీ. తలుపు. పుస్తకంలో రాసుకున్నాడు. కప్పు కూడా కొలుస్తాడా?"

మేడమ్ నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు. ఎన్నిక ఇంకా కాలేదు. ఇంకా నాలుగు రోజులుంది. అప్పుడే ఎవరు వచ్చి కొలిచారు, ఎవరు పంపారు అని అక్కడి నర్సుని అడిగారు. మామూలుగా చూసి వెళ్ళారు అందట. మేడమ్ ఫోను పెట్టేసి గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

"కవరు గురువారం వెళ్ళిపోయింది, అదే ధైర్యం," అన్నారు, నాతో కాదు, గోడతో.

నేను అంట్లు తోముకుంటూనే ఉన్నాను. సోమవారం ఇంగ్లండంతటికీ సెలవు అని మేడమ్ మాటల్లో ఆ రోజే విన్నాను. అది నా లెక్కలో లేదు. నా పంచాంగంలో అన్నీ ఉన్నాయి, ఆ సెలవు లేదు.

ఎన్నిక జరిగే గురువారమంతా ఉపవాసం ఉన్నాను. శుక్రవారం పొద్దున ఏం జరిగిందో ముందే చెప్పాను.

మేడమ్ చర్చి నుంచి వచ్చాక ఏమీ తినలేదు. నన్ను ఏమీ అడగలేదు. నాకు ఇంకా ఒక చిన్న ఆశ, కవరు సమయానికే చేరి ఉంటుంది, అది లెక్కలో కలిసే ఉంటుంది, మా పాపం ఏమీ లేదు అని. శనివారం భాయ్ తనంతట తనే కొరియర్ ఆఫీసుకి వెళ్ళి కంప్యూటర్‌లో చూడమని అడిగి, ఒక చిన్న చీటీ మీద రాయించుకు వచ్చాడు. ఈసారి చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, నేల మీద కూర్చున్నాడు.

"శుక్రారం పొద్దుగాల చేరిందంట అక్కా. ఎవరో సంతకం వెట్టి తీస్కున్నరంట."

ఓట్లు లెక్కపెట్టింది గురువారం రాత్రి.

"అమావాస్య నాడే ఇచ్చి ఉంటే చేరేదా భాయ్?"

ఆయన తలుపులోంచి దూరంగా ఆ మంట వైపు చూశాడు. "ఎవరికెర్క అక్కా. అప్పుడు గూడ లేటయితుండెనేమో. నేను మాత్రం మేడంకు సెప్ప. అల్లా తోడు."

ఆయన ఆ మాట నిలబెట్టుకున్నాడు. నన్ను మళ్ళీ ఒక్కసారి కూడా అమావాస్య అని ఆటపట్టించలేదు. అదెంత పెద్ద మనసో నాకు తెలుసు.

ఇంకో సంగతి. తర్వాత కొన్నాళ్ళకి పక్కింట్లో పనిచేసే తమిళావిడ గన్నేరు కంచె అవతలనుంచి మాటల్లో అంది, వాళ్ళకి అమావాస్య చాలా మంచి రోజట, కొత్త పనులన్నీ ఆ రోజే మొదలుపెడతారట. ఆవిడ పూలు కోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వేసవిలో మేడమ్ తన ఊరు వెళ్ళి, ఎవరెవరినో కలిసి, ఉత్తరాలు రాసి, ఏమీ కాక తిరిగి వచ్చారు. ఆకులు రాలే కాలంలో ఇల్లు మూస్తున్నట్టు కాగితం వచ్చింది. చలికాలంలో ఎనిమిది మందినీ ఎనిమిది చోట్లకి పంచేశారు. అక్కగారిని కారులో రెండు గంటల దూరంలో ఒక పెద్ద భవనానికి తీసుకెళ్ళారు. అక్కడ పింగాణీ సామాను పనికిరాదట, ఎవరైనా పగలగొట్టుకుని చేయి కోసుకుంటారని. అందరికీ ఒకే రకం ప్లాస్టిక్ గ్లాసులు. నీలం కప్పు కాగితంలో చుట్టి బీరువాలో పెట్టారట.

ఆదివారాలు ఫోను మోగేది. అక్కగారిని తీసుకొచ్చి చెవి దగ్గర పెట్టేవారు. మాట లేదు. ఊపిరి మాత్రం వినపడేది, మెట్లెక్కి వచ్చినట్టు పెద్ద ఊపిరి. నేను అడగకుండానే చెప్పేదాన్ని, "సన్నీ మేడమ్, వెరీ సన్నీ." అటునుంచి ఏమీ లేదు. ఒకసారి మాత్రం ఎవరికీ కాదన్నట్టు అంది, "ఇంకా కొలుస్తున్నారు." అంతే. ఆ తర్వాత ఊపిరి కూడా ఫోను దాకా రాలేదు. రానంటోంది అని అక్కడివాళ్ళు చెప్పేవారు.

అన్నం తగ్గిపోయిందట. రాత్రిళ్ళు తలుపు దగ్గర నిలబడుతోందట. మేడమ్ ఇక అయ్యగారితో సహా బహ్రెయిన్ వదిలి పూర్తిగా వెళ్ళిపోవాలని నిర్ణయించుకున్నారు. సామాన్లు సర్దడం మొదలైంది. ఆ ఇంట్లో రోజంతా అట్టపెట్టెలకి టేపు చుట్టే చప్పుడే.

ఆవిడ వెళ్ళడానికి నాలుగు రోజుల ముందు నేను పంచాంగమూ కొరియర్ చీటీ పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పాను. నిలబడే చెప్పాను. మేడమ్ చీటీ చాలాసేపు చదివారు. తర్వాత పంచాంగం తెరిచి, నేను చూపించిన గడి మీద వేలు పెట్టారు.

"ఇది ఆ రోజా?"

"ఎస్ మేడమ్. చంద్రుడు ఉండడు. మొదలుపెట్టడానికి చెడ్డ రోజు."

"తనకి మంచి జరగాలని ఆపావు."

"ఎస్ మేడమ్."

"నాతో మాత్రం వెళ్ళిందన్నావు."

దానికి నేను ఎస్ అనలేకపోయాను.

ఆవిడ చీటీని మడిచి, ఆ పేజీలోనే పెట్టి, పంచాంగం మూసి నా చేతికిచ్చారు. కిటికీ వైపు చూశారు. "ఆ తలుపు వెయ్యి, దుమ్ము వస్తోంది," అన్నారు.

అంతకు మించి ఏమీ అనలేదు. ఆ రోజూ, ఆ తర్వాతా. మర్నాడు పొద్దున మాత్రం నన్ను తీసుకుని రెండు వీధుల అవతల ఒక ఇంటికి వెళ్ళి, నాకు కొత్త కఫీల్‌ని, అంటే వీసాకి పూచీ ఉండే యజమానిని, మాట్లాడి, కాగితాలు మార్పించి, నా పని పోకుండా చూసి వెళ్ళారు. అక్కడ సంతకం చెయ్యాల్సి వస్తే ఆ ఆఫీసరుతో ఆవిడే అన్నారు, ఈమెకి సంతకం వచ్చు, సిరాపెట్టె తియ్యక్కర్లేదు అని. నన్ను క్షమించారో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు నాకు లేదు. ఆవిడ చేసింది మాత్రం రోజూ తలుచుకుంటాను.

విమానాశ్రయానికి దింపి వచ్చాక భాయ్ వెనక తలుపు దగ్గర ఒక్క నిమిషం నిలబడ్డాడు. "పోయిన్రు అక్కా," అన్నాడు. ఇద్దరం ఖాళీ వెదురు పళ్ళెం వైపు చూశాం.

ఆ ఊరి నుంచి నాకు ఏ కబురూ రాలేదు. అక్కగారు ఉందో లేదో తెలియదు. చేసింది తప్పా, నమ్మకమా అని మీరు నా గురించి ఆలోచించొద్దు. ఆ లెక్క నాకూ దేవుడికీ మధ్య ఉంది, ఉండనివ్వండి. మీరు పొద్దున్నే రోజూ తాగే గ్లాసులోనో కప్పులోనో కాఫీ పోసుకుంటారు కదా, అది చేతిలోకి తీసుకున్నప్పుడు ఆవిడని ఒక్క క్షణం తలుచుకోండి. అంచు విరిగిన నీలం కప్పు ఆవిడది. ఎవరైనా అడిగితే, అక్కడ ఎండగా ఉందని చెప్పండి.